పాల్గొన్నాడట!

మా కాలేజీ కబడ్డీ జట్టు లెఫ్ట్ కార్నర్ ఇప్పుడు కుకునూరుపల్లిలో రాజీవ్ రహదారి పక్కన పంక్చర్లు వేస్తాడు. లారీ చక్రం విప్పేటప్పుడు అతని చెయ్యి చూడండి. కుడిచేతి చిటికెనవేలు బయటికి తిరిగి ఉంటుంది. కూతకొచ్చినవాడి మడమ పట్టుకుని వదలనందుకు మిగిలిన గుర్తది. ఆ సీజన్‌కు ఇంకో గుర్తు, ఒక సర్టిఫికెట్. అందులో అతని పేరు, తండ్రి పేరు, కాలేజీ పేరు, చివర్న ఒక్క ముక్క: పాల్గొన్నాడు.

పాల్గొన్నాడట! పెళ్లికి పోయి భోంచేసి వచ్చినవాడు కూడా పాల్గొన్నట్టే.

మా ఊరు మండలం కాకముందు, కొండపాక మండలంలో ఉన్ననాటి సంగతి. బస్సెక్కి డిగ్రీ కాలేజీకి పోయేవాళ్లం. పొద్దున ఆరింటికే గ్రౌండులో ఉండేవాళ్లం. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అడుగులతో కొలిచి, సున్నం పోసి గీతలు గీసుకునేది మేమే. ప్రాక్టీసంతా మట్టిలో, పోటీలేమో మ్యాట్ మీద. మట్టిలో జారితే మోకాలి చర్మం లేస్తుంది, అంతే. మ్యాట్ మీద పాదం అతుక్కుంటుంది. పాదం నిలిచిపోయి ఒళ్లు తిరిగితే మోకాలే మెలిపడుతుంది. దానికి బూట్లు కావాలి. ఏడుగురికి మా దగ్గరున్నవి నాలుగు జతలు. కూతకు పోయే ఇద్దరికి రెండు, కార్నర్లకు రెండు. మిగతావాళ్లం ఒట్టి కాళ్లతోనే దిగాం.

అట్లా ఐదు మ్యాచ్‌లు ఆడి కప్పు తెచ్చాం. ఫైనల్లో చివరి నిమిషాలకు కోర్టులో ముగ్గురమే మిగిలాం. వాళ్ల రైడర్ మంచి పొడగరి. చెయ్యి చాచినట్టే చాచి కాలు లోపలికి వేశాడు. మావాడు చేతికేసి చూడనే లేదు. కిందికి వాలి మడమ పట్టాడు. రైడర్ రెండడుగులు ఈడ్చుకుపోయాడు, బుగ్గ మ్యాట్‌కు రాసుకుంది, పట్టు మాత్రం సడలలేదు. మేమిద్దరం వెళ్లి మీద పడ్డాం. ఆ పట్టుతో బయట కూర్చున్న మావాడొకడు బతికి లోపలికొచ్చాడు. మ్యాచ్ కూడా అక్కడే బతికింది.

మర్నాడు జిల్లా పేజీలో ఫోటో పడింది. కప్పు పట్టుకున్నది ముఖ్య అతిథి. కింద ఆరు పేర్లున్నాయి, ఆరూ వేదిక మీద కూర్చున్నవాళ్లవే. మేం "క్రీడాకారులు".

పేపరును వదిలేద్దాం. స్కోరర్ టేబుల్ మీద స్కోర్ షీట్ ఉంటుంది కదా. అంకెల వరుస, పాయింటు పడ్డప్పుడల్లా ఒక అడ్డగీత. ఎవరు కూతకు పోయారు, ఎవరు పట్టారు అని కూడా రాసుకునే వీలున్న కాగితం అది. తర్వాత ఒక ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో దరఖాస్తు పెడుతూ మావాడు దానికోసం తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. ఏ మిర్చి బజ్జీల పొట్లమైందో.

మాతో చదివినవాడొకడు అమెరికాలో కొలంబస్‌కు పోయి ఎమ్మెస్ చేశాడు. అక్కడి ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమంటే వాడికిప్పుడు ప్రాణం. 2024 సీజన్ మొత్తం నాకు ఫోన్లో అప్పజెప్పాడు. 16 మ్యాచ్‌ల్లో 14 గెలుపులు. ఓరెగన్ చేతిలో 32-31తో, మిషిగన్ చేతిలో 13-10తో ఓటమి. 2025 జనవరి 20న నోటర్ డామ్ మీద 34-23తో గెలిచి జాతీయ చాంపియన్. అక్కడ స్టేడియంలో లక్ష మంది కూర్చుంటారు. ఏ మ్యాచ్‌లో ఎవరు ఎంతమందిని పడగొట్టారో కూడా రాసిపెడతారు. వాళ్లదీ కాలేజీ ఆటే. మనిషిని పట్టి నేలకేసే ఆటే. మా కాలేజీ కప్పు గురించి అడిగితే వాడికి గుర్తు లేదు. వాణ్ని తప్పుపట్టను, ఎక్కడ చూసి గుర్తు చేసుకుంటాడు?

వాళ్లకు డబ్బుంది, మనకు లేదంటారు. అడ్డగీత కొట్టడానికి పెన్ను చాలు. అయినా మన కబడ్డీలో డబ్బు లేదా? 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నది. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచి, అట్టడుగున నిలిచింది. ఏ రోజు ఎంత తేడాతో ఓడిందో ఇవాళ్టికీ చెప్పొచ్చు. వాళ్ల ఓటమికి లెక్కుంది. మా గెలుపుకే లేదు.

1990 బీజింగ్ నుంచి 2014 దాకా ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ స్వర్ణాలు ఏడుకు ఏడూ మనవే. 2018లో జకార్తాలో ఇరాన్ సెమీఫైనల్లోనే ఓడించేసరికి, మన ఆట చెయ్యి జారిందని అందరూ బాధపడ్డారు. ఊళ్లలోని కాలేజీల్లో అది ఏటా జారుతోంది. మంచి కార్నర్ ఉన్నాడని ఎవరికీ తెలియకుండానే వాడి మూడేళ్లు గడిచిపోతాయి.

మేం సన్మానాలు అడగడం లేదు, శాలువాలు అసలే వద్దు. ప్రతి కాలేజీలో పీడీ సారు బీరువాలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండాలి. మ్యాచ్ తేదీ, ఎదుటి జట్టు, స్కోరు, ఏడుగురి పేర్లు, ఎవరి కూతకు ఎన్ని, ఎవరి పట్టుకు ఎన్ని అందులో ఎక్కాలి. సర్టిఫికెట్ మీద "పాల్గొన్నాడు" పక్కన ఆ అంకె ఒకటి వెయ్యండి. పట్టినవాడికి పట్టినట్టు చెప్పండి, చాలు.

మొన్న గాలి కొట్టించుకుందామని మావాడి షాపుకు పోయాను. సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి, కంప్రెషర్ పైన గోడకు తగిలించుకున్నాడు.

"ఇంకెందుకురా ఇది?" అన్నాను.

"పాల్గొన్న గదరా మరి" అని నవ్వాడు.

ఫైనల్ స్కోరు 31-29 అని నేను, కాదు 33-29 అని వాడు. ఎప్పటిలాగే కొట్లాడుకున్నాం. వెనక లారీవాడు హారన్ కొట్టేదాకా తెగలేదు. ఇకముందు కూడా తెగదు. ఈ ఏడు ఆడుతున్న పిల్లలకన్నా ఈ కొట్లాట మిగల్చకండి.