మామునూరులో వాతావరణం చెప్పేదెవరు?

నిజాం హయాంలో వెలసి 1981లో మూతబడిన మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరిచేందుకు కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆమోదం తెలిపింది. అంతకు ముందే, 2024 నవంబరులో, అదనంగా కావలసిన 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. నక్కలపల్లి, గాడిపల్లి, గుంటూరుపల్లి రైతులు పరిహారం గురించి, తెగిపోయే దారి గురించి ఆందోళన వెలిబుచ్చారు. అది న్యాయమైన ఆందోళనే. రన్‌వే పొడవు గురించి నాయకులు కావలసినంత మాట్లాడారు. కాగా ఆ రన్‌వే మీద దిగే విమానానికి గాలి ఎటు వీస్తున్నదో, మబ్బు ఎంత ఎత్తున వున్నదో, పొగమంచులో ఎంత దూరం కనిపిస్తున్నదో చెప్పే ఏర్పాటు గురించి మాట్లాడినవారు తక్కువ.

విమానం ఎక్కేది మనమా అని పల్లెల్లో అనుకోవచ్చు. ఎక్కకపోవచ్చు. అయితే ఈ విషయం విమానాలతో ఆగేది కాదు. మండలంలో నిలబెట్టిన వాన యంత్రమూ, విమానాశ్రయంలో నిలబెట్టే యంత్రమూ ఒక తల్లి పిల్లలే. ఒకదాని గుణం తెలిస్తే రెండవదాని గుణం తెలిసినట్లే.

పూర్వం విమానాశ్రయంలో ఒక ఉద్యోగి వుండేవాడు. ఆకాశం చూసి, ఎదుటి గుట్టా గోపురం కనిపిస్తున్నాయో లేదో చూసి, థర్మామీటరు చదివి పుస్తకంలో రాసేవాడు. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం యంత్రాలే చేస్తున్నాయి. గాలికి తిరిగే గిన్నెలు వేగాన్ని చెబుతాయి. రెండు స్తంభాల మధ్య పంపిన కాంతి ఎంత తగ్గి చేరిందో చూసి మంచు ఎంత దట్టమో లెక్క కడతారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారు తయారుచేసిన ఇటువంటి పరికరం పేరు ‘దృష్టి’. నేల మీది నుంచి పైకి లేజరు కిరణం పంపి మబ్బు ఎత్తు తెలుసుకుంటారు. చిన్న తూము వంటి రెండు తొట్లు వాన నీటితో నిండి ఒకదాని తరువాత ఒకటి ఒరిగిపోతుంటే, ఆ ఒరుగులను లెక్కించి ఇన్ని మిల్లీమీటర్లని చెబుతారు.

ఈ యంత్రాలకు నిద్ర లేదు, సెలవు లేదు, బద్ధకం లేదు. అది వాటి గొప్పతనం. అయితే లేజరు తన నెత్తి మీది మబ్బునే చూస్తుంది. పడమటి దిక్కున కమ్ముకొస్తున్న నల్లమబ్బు దాని కంట పడదు. గొర్లకాపరి తల ఎత్తి చూసి చెప్పగల సంగతి దానికి తెలియదు. వాన తొట్టిలో ఆకులు పడినా, సాలెపురుగు గూడు కట్టినా లెక్క తప్పుతుంది. కుండపోతగా కురిసినప్పుడు తొట్టి ఒరిగే వేగం చాలక కొంత నీరు లెక్కకు రాకుండా పోతుంది. గాలి పీడనం సంగతి మరీ సున్నితం. ఒక్క మిల్లీబారు తప్పు చెబితే విమానం ఎత్తు సుమారు 27 అడుగుల మేర తప్పుగా కనిపిస్తుంది. నేలకు దగ్గరలో అర తాడిచెట్టు ఎత్తు తేడా అంటే సామాన్యం కాదు.

మనిషి చేయి లేకుండా వెలువడే విమానాశ్రయ నివేదికలో ‘ఆటో’ అన్న మాట చేరుస్తారు. మన బస్టాండు దగ్గరి ఆటో కాదిది. యంత్రం తనంతట తాను చెప్పిందని పైలట్‌కు హెచ్చరిక. పరికరం పూర్తిగా చెడిపోతే అంకెల స్థానంలో అడ్డగీతలు పడతాయి. అంటే తనకు తెలియదని యంత్రం ఒప్పుకున్నట్లు. దానితో ప్రమాదం తక్కువ. సగం చెడిన పరికరం మాత్రం అడ్డగీతలు వేయదు. తప్పుడు అంకెనే ధీమాగా చెబుతుంది.

2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేశ్‌పూర్‌లోని స్వయంచాలిత కేంద్రం 52.9 డిగ్రీల ఎండ నమోదు చేసింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే రోజు ఢిల్లీ సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 46.8 డిగ్రీలే. వాతావరణ శాఖ వారు వెళ్లి సరైన పరికరంతో పోల్చి చూడగా ముంగేశ్‌పూర్ పరికరం సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపుతున్నదని తేలింది. ఆ మరునాడే నాగపూర్‌లో ఒక కేంద్రం 56 డిగ్రీలన్నది. అదీ పరికరం లోపమేనని శాఖ ప్రకటించింది.

అంతమాత్రాన యంత్రం చెప్పిన వింత అంకెలన్నీ అబద్ధమనుకోరాదు. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని యంత్రం చెప్పినప్పుడు నమ్మశక్యం కాలేదు. కాని పక్కనే భూపాలపల్లి జిల్లా చిట్యాలలోని యంత్రమూ 616.5 అన్నది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తి ఆ మాటకు సాక్ష్యం పలికింది. పంచాయతీలో ఒక్కడి మాట పట్టుకుని తీర్పు చెప్పరు కదా. ఇరుగుపొరుగును కూడా అడుగుతారు. వాతావరణ యంత్రానికీ అదే న్యాయం.

విమానాశ్రయంలో ఇరుగుపొరుగును అడిగే తీరిక వుండదు. అక్కడ మనిషి వుండాలి. 2020 ఆగస్టు 7 రాత్రి కోజికోడ్‌లో వానలో దిగిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి ఇద్దరు పైలట్లతో సహా 21 మంది మరణించారు. పైలట్ నిబంధనలు పాటించకపోవడం ప్రధాన కారణమని దర్యాప్తు సంఘం తేల్చింది. అయితే అదే నివేదికలో మరో మాట వుంది. రెండు వాతావరణ హెచ్చరికలు అమలులో వున్న ఆ సమయాన టవర్‌లో తప్పనిసరిగా వుండవలసిన వాతావరణ అధికారి అక్కడ లేరు. పరికరాలు కొని చేతులు దులుపుకొనేవారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

అమెరికాలో 1990ల నుంచి ఈ యంత్రాలను వందల విమానాశ్రయాల్లో పెట్టారు. అంతటి దేశం కూడా పెద్ద విమానాశ్రయాల్లో యంత్రం చెప్పినదాన్ని సరిచూసి, అది చూడలేని పిడుగునూ సుడిగాలినీ చేర్చడానికి మనుషులను వుంచుకున్నది. యంత్రం ఎంత మంచిదైనా అది వున్నచోటి సంగతే చెబుతుందన్నది మన రాష్ట్రాలవారు మరచిపోలేని విషయం. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలపై దట్టమైన మబ్బుల్లో చిక్కుకుని పావురాలగుట్ట వద్ద కూలింది. అయిదుగురు పోయారు. బయలుదేరే చోటా, చేరే చోటా వున్న యంత్రాలు నడుమ అడవి మీది ఆకాశాన్ని చూడలేవు.

ఇక రైతు సంగతి. 2022 జనవరిలో పరకాల, నర్సంపేట ప్రాంతాల్లో వడగళ్లు మిరప తోటలను నాశనం చేశాయి. వాన తొట్టికి వడగల్లు ఎంత లావో తెలియదు. కరిగి నీరైన తరువాత ఇన్ని మిల్లీమీటర్లని రాసుకుంటుంది. ఆ అంకె చూసినవారికి అది మామూలు జల్లు. 2020లో రాష్ట్రం ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి తప్పుకొనకముందు మిరపకు వాతావరణ ఆధారిత బీమా వుండేది. రైతుకు డబ్బు రావడం, రాకపోవడం ఆ యంత్రం అంకె మీదనే ఆధారపడేది. అటువంటి పథకం మళ్లీ ఏ పేరుతో వచ్చినా, యంత్రం చుట్టూ పిచ్చిచెట్లు పెరిగాయా, చివరిసారి ఎప్పుడు సరిచూశారు అని అడిగే హక్కు రైతుకు వుండాలి.

మామునూరులో వాతావరణ కేంద్రాన్ని టెర్మినల్ కట్టిన తరువాత గుర్తుకు వచ్చే పనిగా వదలరాదు. మొదటి విమానం దిగడానికి కనీసం ఏడాది ముందే అక్కడ పరికరాలు నిలబెట్టి, మంచు కాలమూ వాన కాలమూ రెండూ చూడాలి. వాటి పక్కనే మనిషి చదివే పాతరకం పరికరాలు వుంచి, హనుమకొండ పరిశీలన కేంద్రం లెక్కలతో పోల్చాలి. విమానాలు తిరిగే వేళల్లో పరిశీలకుడు విధిలో వుండేలా పోస్టులు ఇప్పుడే మంజూరు చేయాలి. పరికరాలను సరిచూసిన తేదీలు బయటపెట్టాలి. నిన్నటి వాన, రాత్రి గాలి, ఉదయపు మంచు లెక్కలను నక్కలపల్లిలో, గాడిపల్లిలో, ఎనుమాముల మార్కెట్‌లో పదిమంది చూసే చోట తెలుగులో రాయించాలి. భూమి ఇచ్చిన ఊరికి వాన లెక్క చెప్పడానికి అయ్యే ఖర్చు ఒక సుద్దముక్క.