చల్లని నీడ కూడా మన హక్కే!

మన యాడికి దళితవాడలో సంఘ భవనం కట్టుకోవాలనే మాట మొదలైంది. మంచి మాట. అయితే ప్లాను గీయకముందే నాలుగు సంగతులు మాట్లాడుకోవాల. గోడలు లేచినాక మాట్లాడి లాభం లేదు.

మేము చాలా వాడలు తిరిగినాం. ఒక ఊళ్ళో కమ్యూనిటీ హాలు చూసినాం. ఒకటే గది, పల్చటి స్లాబు, పడమటి మొహాన కిటికీలు. పగలంతా ఎండ తాగిన స్లాబు పొద్దుగూకినాక ఆ వేడిని లోపలికి కక్కుతుంది. సరిగ్గా అప్పుడే కదా మన రాత్రిబడి! పిల్లలు పుస్తకాలు పట్టుకొని వేపచెట్టు కిందికి పోయినారు. హాల్లోకి సిమెంటు మూటలు చేరినాయి. తాళంచెవి కాంట్రాక్టరు దగ్గర. లెక్కల్లో భవనం దళితులది; దళితులు మాత్రం చెట్టు కింద!

ఇది ఒక్క ఇంజనీరు పొరపాటు అనుకుంటే మనం మోసపోయినట్టే. 'వీళ్ళకు ఏదో ఒక కప్పుంటే చాలు' అనే కులబుద్ధి దీని వెనక ఉంది.

యాడికి, తాడిపత్రి నేలలో సున్నపురాయికి, నాపరాయికి కొదవ లేదు. ఆ బండలు కొట్టీ మోసీ కాయలు కాసిన చేతులు మన వాడల్లో ఎన్ని లేవు! ఊళ్ళో పెద్దల పాత మిద్దెలు చూడండి. మందపాటి రాతిగోడలు, పైన చవుడు, నడిమధ్య గవాచి. నడివేసవిలోనూ లోపల చల్లదనం. ఆ గోడలకు మట్టి తొక్కిందెవరు? రాయి ఎత్తిందెవరు? కట్టినోళ్ళం మాత్రం రేకుల కింద ఉడుకుతున్నాం. అదే సున్నపురాయి ఫ్యాక్టరీ బట్టీలో దాదాపు 1,450 డిగ్రీల మంటలో కాలి, సిమెంటు మూటై తిరిగి మనకే అమ్ముడవుతోంది. ఆ మంట ఖర్చు కూడా మన జేబులోంచే పోతోంది.

మా పడుచుపిల్లలు కొందరు అంటాండారు: "మళ్ళీ మట్టిమిద్దె అంటావా సార్? మమ్మల్ని కొట్టాల్లోకే పంపుతావా? మాకు స్లాబే కావాల." ఆ కోపం న్యాయమైంది. కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకొని రాత్రులు గడిపినోళ్ళం మేము కూడా. మట్టి ఇల్లు గొప్పదని పట్నంలో కూర్చొని చెప్పేవాళ్ళ పాఠం మనకొద్దు. స్లాబంటే మనోళ్ళకు గౌరవం. సరే, స్లాబే వేద్దాం. తెలిసి వేద్దాం.

గోడలు మన రాతితోనే కట్టుకుందాం. కూలి మన వాడలోనే ఉంటుంది. స్లాబు కింది భాగంలో బరువు లాగుడును ఇనుప కడ్డీలు మోస్తాయి, అక్కడ కాంక్రీటు పని తక్కువ. కడ్డీల నడుమ పాత పెంకులు పేర్చి పోస్తే సిమెంటు తగ్గుతుంది, లోపలికి దిగే వేడీ తగ్గుతుంది. కేరళలో లారీ బేకర్ (1917–2007) ఇట్లాంటి కప్పులు ఎన్నో వేసి చూపించినాడు. దీనికి ఇంజనీరుతో లెక్క కట్టించాల. పైన ఏటా వేసవికి ముందు తెల్లసున్నం కొట్టాల. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. మనకు సున్నం కొత్తా?

భవనం పొడవు తూర్పు పడమరలుగా ఉండాల. కిటికీలు ఉత్తర దక్షిణాలకు, వేడిగాలి పోయేందుకు పైన గవాచులు. పడమటి దిక్కున వసారా, వేపచెట్లు. ఇది వాస్తు పంతులు చెప్పింది కాదు, సూర్యుడు చెప్పిన లెక్క.

కరెంటు లెక్క కూడా చూద్దాం. 60 వాట్ల పాత బల్బులు పది, 75 వాట్ల ఫ్యాన్లు ఆరు, అయిదు గంటలు నడిస్తే 5 యూనిట్లు దాటుతుంది. 9 వాట్ల ఎల్‌ఇడి బల్బులు, 30 వాట్ల కొత్తరకం ఫ్యాన్లు పెడితే యూనిటున్నర లోపే. ఒక కిలోవాటు సోలారు పలకలు మంచి ఎండలో రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. మనల్ని కాల్చే ఎండే మనకు దీపం పెడుతుంది!

అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లే వాన. అయినా వంద చదరపు మీటర్ల కప్పు మీద అది 55 వేల లీటర్లు. కొంత పోయినా 40 వేలు తొట్టిలో నిలుపుకోవచ్చు. గుక్కెడు నీళ్ళ కోసం 1927లో అంబేద్కర్ మహద్ చెరువుకు నడిచిన సంగతి మరిచిపోయే జాతి కాదు మనది.

ఒక్క మీటింగు హాలుతో సరిపెట్టుకోవద్దు. అంబేద్కర్ దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నప్పుడు కాపురంతోపాటు పుస్తకాలకూ చోటు లెక్కబెట్టినాడు. మనమూ అట్లే లెక్కబెట్టాల. రోడ్డు మొహాన రెండు అంగళ్ళు, లోపల రాత్రిబడి, గ్రంథాలయం, ఆడవాళ్ళ సంఘానికి విడిగా గది, మరుగుదొడ్లు. అంగళ్ళ బాడుగతో కరెంటు బిల్లు, సున్నం ఖర్చు ఎల్లిపోవాల. బల్బు మాడితే సర్పంచి గడప తొక్కే పని ఉండకూడదు.

1985లో కారంచేడు బాధితులు ఊరొదిలి చీరాల శిబిరంలో తలదాచుకున్నారు. మనదంటూ ఒక కప్పు ఎందుకు కావాలో ఆ రోజులు చెప్పినాయి. అందుకే స్థలం శ్మశానం పక్కన ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఎస్టిమేటు కాపీ ఇయ్యమని అడగండి. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాల. ఖర్చు లెక్క గోడ మీద రాయాల.

అన్నలారా, అక్కలారా! రాయి మనది, చెమట మనది. ఈసారి నీడా మనదే, తాళంచెవీ మనదే కావాల.

జై భీం!