అరుదైతే అమృతమా?

రికార్డులు సేకరించేవాళ్ల మధ్య ఒక మాట వేదవాక్కులా చెలామణీ అవుతూ ఉంటుంది: "ఎవరికీ దొరకనిదే వినదగినది." ఇరవయ్యేళ్లుగా ఈ వ్యసనంలో మునిగి తేలుతున్నవాణ్ణి, ఒకప్పుడు ఆ మాటను మనసా వాచా నమ్మినవాణ్ణి. అది శుద్ధ అబద్ధమని చెప్పడానికే ఈ టపా. నొచ్చుకునే మిత్రులు ముందుగానే మన్నించాలి.

నా పిచ్చి ప్రధానంగా జర్మన్ రాక్ మీద. 1960ల చివర్లో పశ్చిమ జర్మనీ యువకులు కొందరు అమెరికన్ బ్లూస్‌ను అనుకరించడం ఇష్టంలేక, తమ తండ్రుల తరం పాటలు పాడడం అంతకన్నా ఇష్టంలేక, కొత్త దారి వెతుక్కున్నారు. ఒకే లయను పది నిమిషాలు, ఇరవై నిమిషాలు సాగదీశారు. బ్రిటిష్ పత్రికలు దానికి 'క్రౌట్‌రాక్' అని పేరు పెట్టాయి. 'క్రౌట్' అనేది జర్మన్లను ఎగతాళి చేసే మాట. ఫౌస్ట్ బృందం ఆ ఎగతాళినే తిప్పికొడుతూ 1973 నాటి తమ ఆల్బంలో మొదటి పాటకు ఆ పేరే పెట్టింది.

ఈ సంగీతం కొద్దిమంది రసజ్ఞుల కోసమే పుట్టిందని మనవాళ్ల నమ్మకం. నిజమేమిటి? కొలోన్ నగరానికి చెందిన కాన్ బృందం 1969లో తన తొలి రికార్డును మొదట 500 ప్రతులే వేసుకుంది. గొప్ప కోసం కాదు, అంతకుమించి స్తోమత లేక. అదే బృందం పాట 'స్పూన్' ఒక టీవీ నేరకథకు శీర్షికాగీతమై, 1972లో జర్మన్ పాటల పట్టికలో మొదటి పదింటిలోకి ఎక్కింది. 1973లో బ్రిటన్‌లో 'ఫౌస్ట్ టేప్స్' అనే పూర్తి ఎల్పీని 49 పెన్నీలకే అమ్మారు. అది ఒక చిన్న సింగిల్ రికార్డు ధర! ఎంత వింత సంగీతమైనా పదిమంది ఇళ్లలోకీ చేరాలన్న తాపత్రయం అది. మనమేమో దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం.

1979లో లండన్‌లో నర్స్ విత్ వూండ్ అనే బృందం తన తొలి రికార్డుతో పాటు ఒక జాబితా ఇచ్చింది. తమకు స్ఫూర్తినిచ్చిన దాదాపు 300 మంది కళాకారుల, బృందాల పేర్లు అందులో ఉన్నాయి. నా దృష్టిలో అది గురువులకు పెట్టిన నమస్కారం. కాలక్రమాన అదే సేకర్తలకు వేటపట్టికగా, వర్తకులకు ధరల పట్టికగా మారింది. ఫలానా రికార్డు "ఆ జాబితాలోది" అంటే చాలు, అందులో ఏముందని అడిగేవాడు లేడు. నేనూ అడగలేదు. కొన్నాక ఒక్కసారి విని పక్కన పెట్టినవి నా దగ్గరే డజనుకు పైగా ఉన్నాయి.

ఇక నోయ్! సంగతి. డ్యూసెల్‌డార్ఫ్‌కు చెందిన ఈ ఇద్దరి బృందం పేరుకు అర్థం 'కొత్త'. 1970లలో మూడు గొప్ప ఎల్పీలు తెచ్చింది. తర్వాత ఆ ఇద్దరికీ పొసగక, 2001 దాకా అవి అధికారికంగా సీడీలుగా రాలేదు. ఈలోగా దొంగ ప్రతులు తిరిగాయి. అంటే ఆ అరుదుదనం వెనుక ఏ రహస్యమహిమా లేదు, ఉన్నది ఒక తగాదా. ఈనాడు పాత ప్రతికి మనం చెల్లించే వేలల్లో వాయించినవాడికి చేరేది ఒక్క పైసా లేదు. అతనికి ఏమైనా ముట్టాలంటే చవకగా దొరికే కొత్త ముద్రణే కొనాలి. దాన్నే మనం చిన్నచూపు చూస్తాం.

నా పాపం కూడా చెప్పుకోవాలి. డ్రమ్స్ నేర్చుకుంటున్న మా మేనల్లుడు ఒకసారి, "మామయ్యా, ఆ నోయ్ రికార్డు రెండ్రోజులు ఇవ్వవూ?" అని అడిగాడు. గీతలు పడతాయని ఇవ్వలేదు. వాడు ఆ రాత్రే ఫోనులో వెతుక్కుని, వందరూపాయల ఇయర్‌ఫోన్లతో 'హలోగలో' విన్నాడు. పొద్దున ఇడ్లీ పళ్లెం మీద రెండు చెంచాలతో ఆ లయను తప్పు పోకుండా వాయిస్తూ, "ఇందులో ఏమీ మారడం లేదు మామయ్యా, అందుకే ఆపబుద్ధి కావడం లేదు" అన్నాడు. ఆ రికార్డు నా దగ్గర ఏడేళ్లుగా ఉంది. అన్నేళ్లలో నేను దాన్ని బయటికి తీసింది మూడుసార్లు. సంగీతం ఎవరిదైనట్టు?

"సేకర్తలే లేకపోతే ఇవన్నీ మట్టిలో కలిసిపోయేవి కదా?" అంటారు. ఒప్పుకుంటాను. మన పద్యనాటకాల గ్రామఫోను రికార్డులు కొన్నైనా ఈరోజు వినగలుగుతున్నామంటే, ఎవరో వాటిని అటక మీద భద్రంగా దాచబట్టే. కానీ దాచినవారు తర్వాత వినిపించారు కాబట్టే మనకా సంగతి తెలిసింది. వినిపించకుండా దాచేది నిధి మీద కూర్చున్న పాము కూడా చేస్తుంది. ఆ పాముకు సంగీతజ్ఞానం ఉందని ఎవరూ అనరు.

ఈమధ్య మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు తలుపు తీసి ఉంచుతున్నాను. ఎవరొచ్చి ఏది అడిగినా వినిపిస్తున్నాను. మేనల్లుడికి అడిగిన రికార్డు ఇచ్చేశాను. గీతలు పడ్డాయి. అయితేనేం, ఇప్పుడది వినబడుతోంది.

మీ బీరువాల మాటేమిటి మిత్రులారా?