పాపం కార్బ్యురేటర్!

పాత కారుకి పికప్ తగ్గిందనగానే ఎవరైనా ముందు అనే మాట "కార్బ్యురేటర్ పోయుంటుంది". నేనూ అన్నాను. అనడమే కాదు, మూడొందల డాలర్లు పోసి కొత్తది కొని బిగించాను కూడా. కాబట్టి ఈ విషయంలో అభిప్రాయం చెప్పే అర్హత నాకు వచ్చేసిందనే అనుకుంటున్నాను. నా అభిప్రాయం ఇది: కార్బ్యురేటర్ని అన్నిటికంటే చివర అనుమానించాలి.

కథలోకొస్తే, నా దగ్గర 1973 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ ఒకటుంది. అమెరికాలో అమ్మిన బీటిల్స్‌కి 1975 మోడల్ నుంచి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. నాది అంతకు ముందు తరం. పగలంతా ఎవరో రాసి వెళ్ళిపోయిన కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నాది, సాయంత్రమైనా చేత్తో పట్టుకుని చూడగలిగే వస్తువొకటి ఉండాలని కొన్నాను. మా ఆవిడ అభిప్రాయం వేరు, అది ఇక్కడ అప్రస్తుతం :)

కొన్న రెండు నెలలకి ఓ ఆదివారం పాపని ఈత క్లాసుకి తీసుకెళ్తూ డాలస్‌లో ఫ్రీవే ఎక్కుతున్నాను. ర్యాంప్ చివర యాక్సిలరేటర్ తొక్కాను. కారు ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఓసారి దగ్గి, అప్పుడు కదిలింది. మహా అయితే రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ అద్దంలో వెనక ట్రక్కు తప్ప నాకింకేమీ కనపడలేదు. ట్రక్కువాడు హారన్ మోగించాడు. వెనక సీట్లోంచి పాప, "నాన్నా, మళ్ళీ కొట్టించవా!" అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ భయంలోనే కార్బ్యురేటర్ కొన్నాను. శని, ఆదివారాలు రెండూ ఖర్చుపెట్టి బిగించాను. సోమవారం పొద్దున్న మళ్ళీ అదే దగ్గు.

మా నాన్న తెనాలిలో చాలా ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఫోన్ చేసి గోలపెట్టాను.

"ఎప్పుడు ఆగుతోందిరా? తొక్కగానేనా, స్పీడందుకున్నాకా?"

"తొక్కగానే. తర్వాత బానే లాగుతోంది."

"కరెంటు చూశావా?"

"లేదు."

"మరి కార్బ్యురేటర్ ఎందుకు మార్చావు?"

కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసినవాడి దగ్గర ఈ ప్రశ్నకి సమాధానం లేదు.

"ఎప్పుడు" అన్న ఆ ఒక్క మాటలోనే సగం వైద్యం ఉంది. తొక్కగానే తడబడి తర్వాత తేరుకుంటే, టైమింగు, గాలి లీకు, కార్బ్యురేటర్లోని యాక్సిలరేటర్ పంపు... వీటిని చూడాలి. మొదట బాగా లాగి హైవే మీద కాసేపయ్యాక నీరసిస్తే, పెట్రోలు అందట్లేదేమో, ఫిల్టరూ పంపూ చూడాలి. అన్ని వేగాల్లోనూ బద్ధకంగా ఉంటే, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా, బ్రేకులు పట్టేస్తున్నాయా, కంప్రెషన్ ఉందా అని చూడాలి. మనం పని మీద ఉన్నప్పుడు లాగ్స్ చదవకుండా సర్వర్ మార్చేయమనేవాణ్ణి చూసి నవ్వుతాం కదా, ఇంటికొచ్చి నేను చేసింది అదే.

నా కారులో దొంగ డిస్ట్రిబ్యూటర్. పాత యజమాని కంపెనీది తీసేసి, బీటిల్ వాళ్ళందరికీ తెలిసిన 009 రకం పెట్టాడు. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కి కార్బ్యురేటర్ నుంచి ఒక సన్నని వాక్యూమ్ గొట్టం వస్తుంది. థ్రాటిల్ కాస్త తెరుచుకోగానే దానికి కబురంది, ప్లగ్గులో నిప్పురవ్వ కొంచెం ముందుగా పడుతుంది. 009కి ఆ గొట్టమే లేదు. ఇంజన్ వేగం పెరిగాకే లోపలి బరువులు విచ్చుకుని టైమింగ్ ముందుకి జరుపుతాయి. అంటే, వేగం కోసం తొక్కితే, ముందు వేగం తెచ్చుకో, తర్వాత సాయం చేస్తానంటుంది. డబ్బున్నవాడికే అప్పిచ్చే బ్యాంకు లాగా.

వాక్యూమ్ ఉన్న డిస్ట్రిబ్యూటర్ వెతికి పెట్టి, పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకి సరిచేసి, టైమింగ్ కలిపాను. దగ్గు పోయింది.

"మేం కార్బ్యురేటర్ మారిస్తేనే బాగైంది" అనేవాళ్ళున్నారు. నిజమే కావచ్చు. కానీ మార్చేటప్పుడు అడుగున కొత్త గాస్కెట్ వేస్తారు, ఊడిన గొట్టాలు తగిలిస్తారు, ఐడిల్ మళ్ళీ కలుపుతారు. గాలి లీకు వల్ల వచ్చిన జబ్బయితే ఐదు డాలర్ల గాస్కెట్‌తోనే పోయుండేది. పేరు మాత్రం కొత్త కార్బ్యురేటర్‌కి వచ్చింది. ఇంకొందరు యాక్సిలరేటర్ పంపు ఎక్కువ పెట్రోలు చిమ్మేలా తిప్పేస్తారు. దగ్గు తగ్గుతుంది కానీ జబ్బు లోపలే ఉంటుంది, పెట్రోలు ఖర్చు మాత్రం బయటికి కనిపిస్తుంది.

కార్బ్యురేటర్ ఎప్పుడూ నిర్దోషేనని నేననడం లేదు. జెట్లలో మట్టి చేరుతుంది, పంపు డయాఫ్రమ్ చిరుగుతుంది. అయితే అది తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇంజన్ ఆపి, చల్లారాక ఎయిర్ క్లీనర్ తీసి, కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ తిప్పండి. పెట్రోలు సన్నటి ధారగా వెంటనే చిమ్మితే పంపు పనిచేస్తున్నట్టే. చుట్టుపక్కల సిగరెట్ లేకుండా చూసుకోండి. ఇంకొకరిని లోపల కూర్చుని పెడల్ పూర్తిగా తొక్కమంటే, థ్రాటిల్ చివరిదాకా వెళ్తోందో లేదో కనిపిస్తుంది. ఇదీ ఉచితమే. ఉచితంగా చూడగలిగినవన్నీ చూశాకే పర్సు తీయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే, ఏది తప్పో జన్మలో తెలియదు.

ఆడలేక మద్దెల ఓడన్నారు. నేను ఏకంగా మద్దెలనే మార్చేశాను. పాత కార్బ్యురేటర్ని శుభ్రంగా కడిగి మళ్ళీ బిగించాను, హాయిగా నడుస్తోంది. కొత్తది గరాజ్‌లో అరమీద కూర్చుని నన్ను చూస్తూంటుంది.

ఆదివారాలు అదే ర్యాంప్ మీంచి వెళ్తున్నాం. ఇప్పుడెవరూ హారన్ కొట్టడం లేదని పాపకి కాస్త బెంగ.