వడదెబ్బకు చట్టంలో చోటెక్కడ?

మన పర్యావరణ చట్టాలు ఒక పొగగొట్టాన్నో, ఒక మురుగు కాలువనో దృష్టిలో ఉంచుకొని పుట్టినవి. 1974 నాటి జలకాలుష్య చట్టం, 1981 నాటి వాయుకాలుష్య చట్టం, భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం ప్రధానంగా ఒకే తర్కంపై నిలిచాయి. విషం ఎక్కడినుండి వెలువడిందో కనిపెట్టాలి, వెలువరించిన వారిని నిలువరించాలి. రోగకారక క్రిమిని గుర్తించి మందు వేయడం వంటిదే ఈ పద్ధతి. కాని వేడెక్కుతున్న వాతావరణానికి ఒక చిరునామా లేదు. వైశాఖ మాసపు ఎండలో కుప్పకూలిన కూలీ ఎవరిమీద ఫిర్యాదు చేయాలి?

2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఈ దిశగా ఒక ముఖ్యమైన అడుగు వేసింది. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పక్షుల ఆవాసాల మీదుగా సాగే విద్యుత్ తీగలకు సంబంధించిన రంజిత్‌సిన్హ్ కేసు అది. వాతావరణ మార్పుల దుష్ఫలితాలనుండి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణలలో ఇమిడి ఉన్నదని ధర్మాసనం పేర్కొన్నది. ఇది హర్షణీయం. అయితే హక్కును గుర్తించడం రోగనిర్ధారణ వంటిది; చికిత్స ఇంకా మిగిలే ఉన్నది.

2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వేయిమందికి పైగా వడగాడ్పులకు బలయ్యారు. అయినా 2021-26 కాలానికి విపత్తు సహాయ నిధి వర్తించే జాతీయ జాబితాలో శీతల గాలులకు చోటు దక్కింది, వడగాడ్పులకు దక్కలేదు. రాష్ట్రాలు తమ నిధిలో పదిశాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఆ వెసులుబాటుతోనే తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది.

పరిహారానికి నిరూపణ కావాలి. అసలు చిక్కు ఇక్కడే. వడదెబ్బలో శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, మెదడు పనితీరు చెడుతుంది. మరణానంతరం ఆ ఉష్ణోగ్రత క్రమంగా మారిపోతుంది. శవపరీక్షలో వడదెబ్బకే ప్రత్యేకమైన ఆనవాలు దొరకదు. అందువలన ఎన్నో మరణాలు 'గుండె ఆగుట'గా నమోదవుతాయి. లెక్కలోకి రాని మరణానికి చట్టంలోనూ చోటుండదు.

పనిస్థలం సంగతీ ఇంతే. 1948 నాటి కర్మాగారాల చట్టం పనిగదులలో గాలి, ఉష్ణోగ్రతల గురించి పట్టించుకొన్నది. తాపీపని, మట్టిపని చేసేవారికి గదీ లేదు, గోడా లేదు. ఎండ తీవ్రమైనప్పుడు పనివేళలు మార్చాలని అధికారులు సూచిస్తారు. సూచనను పాటించని గుత్తేదారుకు శిక్ష ఏమిటో ఎవరూ చెప్పరు.

సూర్యుణ్ణి చట్టం ఆపగలదా అని కొందరు అడుగుతారు. తుపానునూ ఆపలేదు. కాని 1977లో దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను హరించగా, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ముందస్తు తరలింపుల వలన ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. హెచ్చరికతో పాటు బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉన్నప్పుడే ప్రాణాలు నిలుస్తాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. వడగాడ్పులు జాతీయ జాబితాలో స్థిరంగా చేరాలి. మధ్యాహ్నపు విరామం, నీడ, తాగునీరు యజమాని చట్టబద్ధ బాధ్యత కావాలి. విరామానికి కూలి కోతపడరాదు. అనుమానాస్పద వేసవి మరణాలలో శరీర ఉష్ణోగ్రతను, చనిపోయే ముందు మనిషి ఎక్కడ ఏ పని చేస్తున్నాడో వెంటనే నమోదు చేయడం తప్పనిసరి కావాలి.

అంతవరకు పాఠకులకు ఒక మనవి. ఎండలో పనిచేసే మనిషి తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతూ స్పృహ తప్పినా నీడకు చేర్చి, ఒంటిమీద ధారాళంగా చల్లని నీరు పోస్తూ, విసురుతూ 108కు ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట నీరు పోయకండి. ఆసుపత్రిలో ఎండలో పనిచేసిన విషయం తప్పక చెప్పి, కేసు పత్రంలో రాయించండి.