తొలి తప్పుకు మందు జైలు కాదు

గంజాయి పొట్లంతో తొలిసారి పట్టుబడిన కుర్రవాడికి కావలసినది శిక్షా, చికిత్సా? మన చట్టమే దీనికి సగం జవాబు చెప్పింది. మిగిలిన సగం మనం అడగాలి.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కిలో వరకు గంజాయి ‘స్వల్ప పరిమాణం’. దానికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. గంజాయిని సేవించినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే ఇటువంటి కేసుల్లో వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స పొందితే, 64-ఎ సెక్షన్ అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తొలగిపోవచ్చు. దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి సైతం జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ న్యాయస్థానానికి ఇచ్చింది.

లోపం ఎక్కడున్నదో గమనించండి. చట్టం దృష్టిలో వ్యసనపరుడంటే మత్తుపై ఆధారపడినవాడు. అణచుకోలేని కోరిక, పెరుగుతూపోయే మోతాదు, మానితే నిద్రలేమి, చిరాకు వంటివి ఆ స్థితికి లక్షణాలు. స్నేహితుల ప్రోద్బలంతో ఒకటి రెండుసార్లు పీల్చిన విద్యార్థిలో ఇవి ఉండవు. అంటే, జబ్బు ముదిరినవానికి దొరికే రక్షణ ముదరనివానికి దొరకదు! ఏ వైద్యుడూ అంగీకరించలేని తర్కమిది.

శిక్ష భయం లేకపోతే యువత చెడిపోదా అని మీరు అడగవచ్చు. నేను కోరుతున్నది ఊరికే వదిలేయమని కాదు. పోర్చుగల్ 2001 నుంచి పది రోజుల వాడకానికి మించని మత్తుపదార్థంతో దొరికినవారిని క్రిమినల్ కోర్టుకు కాక, ప్రత్యేక కమిషన్ ముందుకు పంపుతోంది. అక్కడ సరుకు స్వాధీనం చేసుకుంటారు. అవసరమైతే జరిమానా వేస్తారు, చికిత్సకు పంపుతారు. అమ్మకం మాత్రం నేరంగానే ఉంది.

మనకూ అటువంటి మార్గం అవసరం. తొలిసారి, స్వల్ప పరిమాణం, అమ్మకం ఆరోపణ లేదు: ఈ మూడూ ఉన్నప్పుడు వైద్య పరీక్ష, కౌన్సెలింగ్, నిర్ణీత కాలం మూత్ర పరీక్షలు తప్పనిసరి చేయాలి. అవి పూర్తిచేసినవాని కేసు దోషి అన్న ముద్ర లేకుండా ముగియాలి. ఉల్లంఘించినవానిపై కేసు యథావిధిగా సాగాలి.

తల్లిదండ్రులారా, పరువు పోతుందని దాచకండి. పోలీసుల కంటె ముందే వైద్యుని కలవండి. 14446 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కేసు నమోదైతే 64-ఎ సెక్షన్ వర్తిస్తుందేమో మొదటి రోజునే న్యాయవాదిని అడగండి.