ఇంజన్ గుంజుతది, నిజమే. మరి ఆపుతదా?

వడ్లు కోతకొచ్చే కాలం ఇది. ఇంకొన్ని రోజులైతే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రోడ్ల మీద ఎటు చూసినా ట్రాలీలే ఉంటయి. కల్లం నుంచి కొనుగోలు సెంటర్‌కు వడ్లు, చేను నుంచి జిన్నింగ్ మిల్లుకు పత్తి. ఆ పరుగుల పడకముందే ఒక మాట మాట్లాడుకుందామని ఈ పోస్టు రాస్తున్న. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

హోటల్ కాడ కూర్చుంటే ఒక మాట తరచుగా వినపడుతది: "మావోని 35 హెచ్‌పీ బండి 150 బస్తాలు అలకగా గుంజింది." చిన్న ఇంజన్‌కు పెద్ద ట్రాలీ తగిలించి, పైకి కట్టెలు నాటి, ఎత్తుగా నింపి తెస్తే వాడే మొనగాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తున్న. ఎంత గుంజింది అని అడుగుడే తప్పు. ఎంత బరువును ఆపగలదు అని అడగాలె.

గుంజుడు పెద్ద విద్య కాదు. లో గేర్ వేస్తే చక్రాలకు బలం ఎన్నో రెట్లు పెరుగుతది. మెల్లగా పోయినా సరే, చదును రోడ్డు మీద చిన్న బండి కూడా పెద్ద బరువును కదిలిస్తది. కానీ ఆపేటప్పుడు గేర్ బాక్సు ఒక్కటే కాపాడదు. బ్రేకు, టైరు, నేల కలిసి ఆపాలె.

లెక్క వేసి చూడండి. సెంటర్‌ల బస్తా 40 కిలోలు. 150 బస్తాలంటే 6,000 కిలోలు, అంటే 6 టన్నులు. ట్రాలీ సొంత బరువు టన్నున్నర అనుకోండి. మొత్తం ఏడున్నర టన్నులు. ముందల ఇంజన్ బరువు రెండు టన్నులు ఉంటదేమో. మన దగ్గర వెల్డింగ్ షాపుల చేయించిన ట్రాలీల్ల చాలా వాటికి బ్రేకులే ఉండవు. ఇంజన్‌కున్న బ్రేకులు కూడా వెనక చక్రాలకే. అంటే రెండు టన్నుల బండిని ఆపడానికి పెట్టిన బ్రేకులు తొమ్మిదిన్నర టన్నులను ఆపాలె. దాదాపు ఐదింతలు!

దీనికి వేగం తోడైతే ఇంకో లెక్క. వేగం రెండింతలైతే ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అయితది. 20 స్పీడుల ఆగే బండి 40ల ఆగుతదన్న నమ్మకం ఎట్ల పెట్టుకుంటం? ఎర్రవల్లి కాడనో, పెబ్బేరు కాడనో, కొత్తకోట కాడనో 44వ నంబరు హైవే ఎక్కినప్పుడు మన ముందల లారీ సడన్ బ్రేకు కొడితే ఏమైతదో మీరే ఆలోచించండి.

దిగుడు కాడ సంగతి ఇంకా కష్టం. పది మీటర్లు పోతే ఒక మీటరు దిగే చోట, ఏడున్నర టన్నుల ట్రాలీ ఇంజన్‌ను వెనక నుంచి సుమారు 750 కిలోల బలంతో తోస్తది. అసొంటి దిగుడు కోసం మన్ననూరు ఘాటుకే పోనవసరం లేదు. కాల్వ వంతెన దిగేటప్పుడు, చెరువు కట్ట దిగేటప్పుడు ఊరూరా ఉన్నదే. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే ఇంజన్ ఆగాలని చూస్తది, ట్రాలీ ఆగదు. పిన్ను కాడ మడత పడి ఇంజన్‌ను పక్కకు తోసేస్తది. పక్కన జూరాల కాల్వ ఉంటే ఇక చెప్పేదేమున్నది.

2018 జూన్‌ల యాదాద్రి జిల్లా వేములకొండ కాడ కూలి పనికి పోతున్న ట్రాక్టర్ మూసీ కాల్వల పడి 15 మంది చనిపోయిన్రు. ఎక్కువ మంది మన అక్కల లెక్క, అమ్మల లెక్క రెక్కాడితే డొక్కాడేటోళ్లే. 2022 అక్టోబర్‌ల ఉత్తరప్రదేశ్ ఘాటంపూర్ కాడ గుడికి పోయి వస్తున్న ట్రాక్టర్ ట్రాలీ చెరువుల పడి 26 మంది పోయిన్రు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉండొచ్చు. కానీ ట్రాలీ అన్నది మనుషులు కూర్చునేదానికి చేసింది కాదు. సలేశ్వరం జాతరకైనా, మల్దకల్ తిమ్మప్ప జాతరకైనా, కలుపు కూలికైనా మనం మాత్రం దాన్నే కడుతున్నం.

అమెరికాల మనోళ్లు కూడా పికప్ బండ్ల వెనక ఇల్లంత క్యాంపర్ ట్రాలీ తగిలించుకొని తిరుగుతరు. అక్కడ పికప్ ఎంత గుంజొచ్చో కంపెనీ రాసిస్తది. ట్రాలీ ఒక బరువు దాటితే దానికి సొంత బ్రేకు ఉండాలని చాలా రాష్ట్రాల్ల చట్టం ఉన్నది. ట్రాలీ బరువుల పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడేటట్టు సామాను సర్దుకుంటరు. ఆ సూత్రం మన రెండు చక్రాల ట్రాలీకి కూడా పనికొస్తది. బరువంతా వెనకకు నింపితే కొక్కెం పైకి లేస్తది, ఇంజన్ వెనక చక్రాలకు పట్టు పోతది. మొత్తం ముందలకే నింపితే ఇంజన్ ముందు చక్రాలు తేలుతయి, స్టీరింగ్ మాట వినదు. ఇరుసు మీద సమంగా, కొంచెం ముందలకు మొగ్గేటట్టు నింపాలె.

"రెండు ట్రిప్పులు కొడితే డీజిల్ ఎవరిస్తరు? సెంటర్‌ల లైన్ ఎవరు పడతరు? వాన వస్తే వడ్లు ఎవరు కాపాడతరు?" అని మీరు అడుగుతరు. అడగాల్సిందే. ఆకాశంల మొగులు చూసుకుంట కల్లం కాడ నిలబడ్డ రైతు బాధ అందరం పడేదే. కిరాయి బండ్లోళ్లకు కూడా పోటీ ఉన్నది, తక్కువ బస్తాలు ఎత్తుతమంటే రైతు ఇంకోన్ని పిలుస్తడు. అందుకే ఈ తప్పు డ్రైవర్ ఒక్కడిదే కాదు, కిరాయి మాట్లాడే మనది కూడా. కానీ రెండో ట్రిప్పుకు అయ్యేది కొన్ని లీటర్ల డీజిల్, ఒక పూట టైము. ట్రాలీ బోల్తా పడితే వడ్లు పోతయి, బండి పోతది, మనిషి పోతడు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2019ల మార్చిన మోటారు వాహన చట్టంల ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 అని రాసి ఉన్నది. ఇన్సూరెన్స్ ఉన్నది కదా అని ధీమాగా ఉండకండి. ట్రాలీల పోయిన కూలీ కేసుల 2007ల సుప్రీంకోర్టు, ఆ బాధ్యత బీమా కంపెనీది కాదన్నది. కూలీ పేదోడని ముందుగాల కంపెనీనే కట్టమన్నది గానీ, ఆ పైసలు బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకొమ్మన్నది. అంటే చివరికి పొలం అమ్మి కట్టాల్సింది మనమే.

ఇగ చేయాల్సినవి చెప్తున్న. ట్రాలీ ఆర్సీల, ట్రాక్టర్ కంపెనీ పుస్తకంల బరువు ఎంత రాసి ఉన్నదో చూసి, ఆ లోపలే ఎత్తండి. కొత్త ట్రాలీ చేయిస్తే బ్రేకు ఉన్నదే చేయించండి. రోడ్డు ఎక్కేముందు రెండు బ్రేకు పెడళ్లను లాకు వేసి కలపండి, లేకుంటే ఒక పక్కకే గుంజుతది. దిగుడుకు ముందే గేర్ తగ్గించండి, ఏ గేర్‌ల ఎక్కుతమో ఆ గేర్‌లనే దిగండి. డీజిల్ మిగులుతదని న్యూట్రల్ కొట్టకండి, క్లచ్ తొక్కి దిగకండి. ట్రాలీని కింది డ్రాబార్‌కే తగిలించండి. పైన లింకు కాడ కట్టి గుంజితే ముందు చక్రాలు లేచి బండి వెనకకు తిరగబడుతది. పిన్నుకు లాకు ముల్లు పెట్టండి. ట్రాలీ వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించండి. బస్తాల మీద మనుషులను ఎక్కించకండి.

ఒక్కరు పాటిస్తే వాని కిరాయి పోతది. ఊరంతా పాటిస్తే ఎవ్వరి కిరాయి పోదు. కోతలు మొదలుకాకముందే బండ్లోళ్లు, రైతులు ఒక పొద్దు కూర్చొని, మన ఊర్ల ఏ బండికి ఎన్ని బస్తాలు అన్నది ఖరారు చేసుకోండి. ఎక్కువ గుంజినోన్ని మెచ్చుకునుడు బంద్ చేయండి.